పాదాలకి పదకొండు లైన్లు, మ్యాపుకి ఒకటే

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మేం నలుగురం జట్టుగా అడ్వెంచర్ రేసులకి, అంటే మ్యాపు చూసి దారి వెతుక్కుంటూ నడక, సైకిలు, పడవ కలిపి చేసే పోటీలకి వెళ్తుంటాం. పోయిన డిసెంబర్‌లో పుణె వైపు సహ్యాద్రి కొండల్లో 30 గంటల రేసు చేశాం. కెప్టెన్ని నేనే, మ్యాపు పట్టేదీ నేనే. జట్టులో ఒకడు ఇంజనీరింగ్ ఫస్టియర్ నుంచీ నా దోస్తు, 18 ఏళ్ల స్నేహం. రాత్రి నడకలో దారి కాస్త తప్పి, పక్క లోయలోకి దిగి, డ్యామ్ నీళ్ల అంచున మోకాలిలోతులో నడిచి, మళ్లీ పైకెక్కేసరికి రెండున్నర గంటలు పోయాయి, ఈ ఆటలో అది మామూలే. తర్వాత వాడి పాదాలు బొబ్బలెక్కాయి. ఎప్పట్నుంచి మండుతున్నాయో చెప్పలేదు. కుంటుతూ, ఆగుతూ, 'పర్లేదు పదండి' అంటూ మమ్మల్ని వెనక్కి లాగాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక బండ మీద కూర్చుని షూ విప్పాడు. అప్పుడు నాకు ఒళ్లు మండి 'నిన్ను తీసుకురావడమే నేను చేసిన తప్పు' అనేశాను. వాడేం మాట్లాడలేదు. సైకిళ్లెక్కాల్సిన చోటికి 40 నిమిషాలు ఆలస్యంగా చేరాం. కటాఫ్, అంటే అక్కడికి చేరాల్సిన గడువు, దాటిందని ఆపేశారు. అప్పట్నుంచి వాడు గ్రూపులో లేడు, ఆదివారం ప్రాక్టీసుకి రాడు, ఫోనెత్తడు. 'సారీ రా' అని మూడుసార్లు మెసేజ్ పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, అంతే. జనవరిలో ఇంకో రేసు ఉంది. మిగతా ఇద్దరూ వాడి బదులు ఒక సైక్లిస్టుని తీసుకుందామంటున్నారు. వాణ్ని వదిలేసి వెళ్తే స్నేహం పోయినట్టేనా? వాణ్ని తిరిగి పిలిస్తే జట్టు పోతుందా? తమ్ముడనుకుని చెప్పండి.

సమాధానం: తమ్ముడూ, పైన వేసింది నీ ఉత్తరంలో సగమే. జాగా లేక కుదించాం. పూర్తి ఉత్తరం నా ముందుంది. అందులో నీ దోస్తు పాదాలకి పదకొండు లైన్లు రాశావు. ఏ వేలి కింద బొబ్బ, ఎక్కడ చర్మం లేచింది, ఎన్నిసార్లు కూర్చున్నాడు, అన్నీ ఉన్నాయి. దారి తప్పిన సంగతికి ఒక్క లైను. అదీ 'మామూలే' అని ముగించావు.

లెక్కల్లో మంచివాడివై ఉంటావు, ఒకసారి వేసి చూడు. కటాఫ్‌కి 40 నిమిషాలు ఆలస్యమయ్యారు. నీ మ్యాపు వల్ల 150 నిమిషాలు పోయాయి. ఆ లోయలోకి దిగకపోయుంటే, ఆ కుంటే పాదాలతోనే, కటాఫ్‌కి దాదాపు రెండు గంటల ముందే చేరేవాళ్లు. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. డ్యామ్ అంచున మోకాలిలోతు నీళ్లలో నడిచారన్నావు. తడిసి మెత్తబడిన చర్మం, సాక్సులోకి చేరిన ఇసుక, ఆపైన మూడు గంటల ఎగుడుదిగుడు నడక. బొబ్బలు వచ్చేది ఇలాగే. వాడి పాదాలు నీ మ్యాపులో మొదలయ్యాయి తమ్ముడూ. ఆడలేక మద్దెల ఓడన్నది ఇలాంటి సందర్భాలకే పుట్టి ఉంటుంది. నీ విషయంలో ఆ మద్దెలకి చిల్లు పెట్టింది కూడా నువ్వే.

వాడికి ఈ సంగతి తెలియదనుకుంటున్నావా? పద్దెనిమిదేళ్లుగా నిన్ను చూస్తున్నవాడు. బండ మీద కూర్చుని నీ మాట విన్నప్పుడు వాడి నోటిదాకా వచ్చి ఉంటుంది, 'మరి ఆ లోయలోకి దింపిందెవడ్రా' అని. అనలేదు. నలుగురి ముందు కెప్టెన్ని ఆ మాటంటే అక్కణ్నుంచి జట్టు కదలదని తెలుసు కాబట్టి మింగేశాడు. ఆ రాత్రి మీ నలుగురిలో కెప్టెన్ పని చేసింది ఎవరో నువ్వే ఆలోచించుకో.

ఇప్పుడు నీ 'సారీ రా' సంగతి. దేనికి సారీ? మాట అన్నందుకా? మాటకి ఎవరైనా కొంత తగ్గింపు ఇస్తారు. ఇరవై నాలుగు గంటలు నిద్రలేని మనిషి పనితీరు రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03. అంటే నాలుగున్నరకి ఆ బండ దగ్గర నిలబడ్డ మీ నలుగుర్నీ ఏ ట్రాఫిక్ పోలీసూ స్టీరింగ్ ముట్టుకోనివ్వడు. ఆ గంటలో చెట్లు మనుషుల్లా కనబడతాయి, రాళ్లు కదులుతాయి, కన్నతల్లి మీద కూడా విసుగొస్తుంది. ఈ ఆట ఆడేవాళ్లందరికీ ఇది తెలుసు. అందుకే రాత్రి అన్న మాటలు తెల్లారాక లెక్కలోకి రావని ఒక రాయని ఒప్పందం ఉంటుంది. నీ దోస్తుకీ తెలుసు.

అయితే తెల్లారింది, నిద్రపోయారు, హైదరాబాద్ బస్సెక్కారు. ఆ తర్వాత ఎవరైనా అడిగితే నువ్వేం చెప్పావు? 'వీడి కాళ్ల వల్ల పోయింది' అనే కదా. మిగతా ఇద్దరూ వాణ్ని తీసేద్దామంటున్నది ఆ కథ నమ్మే. ఇన్ని నెలల తర్వాత, కడుపునిండా నిద్రపోయి, కుర్చీలో కూర్చుని నాకు రాసిన ఉత్తరంలోనూ అదే కథ. దీనికి తగ్గింపు లేదు. వాడు అలిగింది నాలుగున్నర మాటకి కాదనుకుంటా. ఆ తర్వాత రోజూ నడిచిన లెక్కకి. నీ మెసేజ్ మాటకి సారీ చెబుతోంది, లెక్క ఊసెత్తడం లేదు. నీలం టిక్కులు పడి ఊరుకోవడంలో వింతేముంది?

ఈ ఆట పుట్టుకలోనే ఒక షరతుంది. 1989లో జెరార్ ఫ్యూజీ అనే ఫ్రెంచ్ జర్నలిస్టు న్యూజిలాండ్‌లో 'రెయిడ్ గోల్వాజ్' అనే రేసు పెట్టినప్పుడు జట్టుకి అయిదుగురు, అందులో కనీసం ఒక మహిళ, గీత దాటితే అందరూ కలిసి దాటాలి అన్నాడు. ఇప్పుడు నలుగురయ్యారు, షరతు మాత్రం అదే. చాలా రేసుల్లో ఒకరికొకరు 100 మీటర్ల లోపు ఉండాలి, ఒకరు ఆగిపోతే మిగతావాళ్లు ఎంత ముందున్నా వాళ్లకి ర్యాంకు లేదు. బయటివాళ్లకి ఇది స్నేహం గురించిన నియమంలా కనిపిస్తుంది. నా అనుభవంలో ఇది బరువుల గురించిన నియమం. ఎవరి దగ్గర ఈ గంటలో ఎక్కువ ఓపిక ఉంది, ఎవరి దగ్గర తక్కువ ఉంది, సరుకు ఇటునుంచి అటు ఎంత తొందరగా మార్చగలం? మంచి జట్టంటే నలుగురు బలమైనవాళ్లని కాదు. బ్యాగులోని సామాను నోరు తెరవకుండానే చేతులు మారే జట్టు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను మొదటి పెద్ద రేసుకి వెళ్లినప్పుడు రెండో రోజు మధ్యాహ్నానికి చితికిపోయాను. జట్టులో పెద్దాయన ఒకరు వెనక్కొచ్చి తన బ్యాగుకున్న, అలిసినవాళ్లని లాగే ఎలాస్టిక్ తాడు కొక్కెం నా నడుం పట్టీకి తగిలించబోయారు. ఎద్దుకి కాడి కట్టినట్టు అనిపించి, కొక్కెం చేత్తో పట్టుకుని 'వద్దు సార్, నేను నడవగలను' అన్నాను. ఆయన కొండ ఎక్కుతూనే అన్నారు: 'నీ కోసం కాదమ్మా. నువ్విలా నడిస్తే నేను నీ కోసం ఆగాలి. ఆగితే చెమట ఆరి నాకు చలి పుడుతుంది. నా చలి కోసం తగిలించుకో.' తగిలించుకున్నాను. ఆ తాడు పెద్దగా లాగదు. నీ బరువులో ఏ రెండు కిలోలో తగ్గినట్టుంటుంది, అంతే. కానీ కొండ మీద కొత్త గాలి పీల్చినట్టుంటుంది. సాయంత్రానికి నేను కోలుకున్నాను, ఆయన కడుపు పట్టుకున్నారు. ఆ రాత్రి ఆయన బ్యాగులో తిండీ నీళ్లూ నా భుజాన ఉన్నాయి. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోలేదు. రేసు అయ్యాక ఆయన ఇంటికి నేను వెళ్లింది కూడా లేదు. ఎప్పుడైనా కలిస్తే రెండు నిమిషాలు నవ్వుకుంటాం. అదీ ఒక రకం బంధుత్వమే. దానికి పేరు పెట్టాల్సిన పని నాకెప్పుడూ పడలేదు.

ఇది ఎందుకు చెప్పానంటే, నీ దోస్తు తప్పు కూడా ఒకటుంది, అది ఇదే. వాడు తాడు తగిలించుకోలేదు. పాదంలో మొదటి మంట పుట్టగానే 'ఆగండి' అని ఉంటే షూ విప్పి, తుడిచి, టేపు వేసి, సాక్సు మార్చడానికి పది నిమిషాలు చాలు. మంట బొబ్బ అయ్యాక పది నిమిషాల్లో పని కాదు. 'పర్లేదు పదండి' అన్నది ఈ ఆటలో అన్నిటికంటే ఖరీదైన మాట. కానీ వాడెందుకు అనాల్సి వచ్చిందో కూడా చూడు. అప్పటికే రెండున్నర గంటలు పోయాయి. కెప్టెన్ ముందర తల వంచుకుని, మ్యాపు ముఖానికి దగ్గరగా పెట్టుకుని గబగబా నడుస్తున్నాడు. ఆ వీపు చూస్తూ 'నా కాలు మండుతోంది' అని ఎవడంటాడు? ఒకడి తప్పు ఇంకొకడి నోరు మూయిస్తుంది. నువ్వు ఆగి 'దారి తప్పించింది నేనే, రెండు నిమిషాలు ఆగుదాం, అందరూ కాళ్లు చూసుకోండి' అని ఉంటే వాడు అప్పుడే షూ విప్పేవాడు. నేను చూసిన మంచి నావిగేటర్లందరికీ, అంటే మ్యాపు పట్టి దారి చూపేవాళ్లందరికీ, ఉన్న అలవాటు ఇదొక్కటే: తప్పు కనబడగానే గట్టిగా చెప్పేస్తారు. మ్యాపు రెండోవాడి చేతిలో పెట్టి 'చూడు' అంటారు. సహ్యాద్రిలో ఒక దానిలాగే ఇంకో గట్టు ఉంటుంది, రాత్రిపూట పక్క గట్టుని మన గట్టనుకోవడం నీ ఒక్కడికే జరిగింది కాదు. అందులో సిగ్గుపడేదేం లేదు. దాచడంలోనే ఉంది సిగ్గంతా.

2014లో ఈక్వడార్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ కథ నువ్వు వినే ఉంటావు. మికాయెల్ లిండ్‌నోర్డ్ అనే స్వీడన్ రేసర్ దారిలో గాయాలతో ఉన్న ఒక వీధి కుక్కకి మాంసం ఉండ ఒకటి పెట్టాడు. ఆ కుక్క అడవిలో, బురదలో వాళ్ల వెంటే నడిచింది. కయాక్ అనే సన్నటి తెడ్ల పడవ భాగం దగ్గర వదిలేద్దామనుకుంటే నీళ్లలో దూకి ఈదుకుంటూ వచ్చింది. చివరికి పడవలోకి లాక్కున్నారు, ఆర్థర్ అని పేరు పెట్టి స్వీడన్ తీసుకెళ్లారు. సినిమా కూడా తీశారు. నాకూ కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు? అయినా లోపల ఒక చిన్న గొణుగుడు ఉండిపోయింది. కుక్క కోసం ఆగిన జట్టుకి సినిమా వచ్చింది. మనిషి కోసం ఆగే జట్లు ప్రతి రేసులోనూ నాలుగైదుంటాయి, వాటికి ఫలితాల పట్టికలో అడుగున ఒక లైను వస్తుంది. అసలు కుక్క మీద కోపం రావడమే కష్టం, 'నిన్ను తీసుకురావడమే తప్పు' అని దాన్ని ఎవడూ అనడు. మనిషి మీద వస్తుంది. మనిషి తిరిగి మాట్లాడగలడు కదా, అందుకు.

సరే, జనవరి సంగతి. నీ రెండు ప్రశ్నలూ ఒక ముడిలో ఉన్నాయి, ముందు ఆ ముడి విప్పాలి. జట్టులో చోటు వేరు, స్నేహం వేరు. వాణ్ని జట్టులోకి తిరిగి పిలవడం క్షమాపణ కాదు. లెక్క సరిచేయకుండా పిలిస్తే అది దయ అవుతుంది, వాడు నీ దయ తీసుకోడు. తీసుకున్నా, రేసులో మొదటి మైలు నుంచీ తన పాదాలు తనే చూసుకుంటూ నడుస్తాడు, మళ్లీ 'పర్లేదు పదండి' అంటాడు. అది ఇంకా ప్రమాదం. మరోవైపు, వాడు రానంటే ఆ సైక్లిస్టుని తీసుకెళ్లడం ద్రోహం కాదు. రేసు జట్టు పెళ్లి కాదు. ఇద్దరు కూర్చునే కయాక్‌ని రేసర్లు 'విడాకుల పడవ' అంటారు, భార్యాభర్తలు ఎక్కితే దిగేలోపు తేలిపోతుందని. బయట ప్రాణం ఇచ్చుకునేవాళ్లు కొందరు పడవలో ఒకర్నొకరు భరించలేరు. పడవలో అద్భుతంగా కుదిరినవాళ్లకి బయట రెండు మాటలు దొరకవు. నీకూ నీ దోస్తుకీ పడవ కుదరలేదని తేలితే, పడవ వదిలేసి స్నేహం ఉంచుకోవచ్చు. ఆ మాట వాడూ నువ్వూ కూర్చుని అనుకోవాలి, మిగతా ఇద్దరూ గ్రూపులో తేల్చేది కాదు.

దీనికి తిరగేసిన లెక్క వేసినవాళ్లూ ఉన్నారు. 2019లో ఫిజీలో 66 జట్లతో 671 కిలోమీటర్ల ఎకో చాలెంజ్ అనే అడ్వెంచర్ రేసు జరిగింది. మన దేశం నుంచి పర్వతారోహకులైన మాలిక్ కవల అక్కచెల్లెళ్లు తాషీ, నుంగ్షీల జట్టు వెళ్లింది కూడా దానికే. అందులో ట్రావిస్ మేసీ అనే అమెరికన్ రేసర్ ఉన్నాడు, వృత్తిలో పేరున్నవాడు. గెలుపు కోసమైతే వేరే జట్టు చూసుకునేవాడు. అల్జీమర్స్ వచ్చిన తండ్రి మార్క్‌తో ఒకే జట్టులో దిగాడు. తండ్రి కూడా పాతకాలపు రేసరే. ఎవరితో వెళ్తున్నామో ముందు తేల్చుకుని, ఆ తర్వాత ఎంత వేగంగా పోగలమో చూసుకున్న జట్టు అది. నువ్వు అలాగే చెయ్యాలని నేననను. నీకు జనవరిలో వేగమే కావాలనుకుంటే అదీ మంచి కోరికే. కోరిక ఏదో పైకి చెప్పు, పాదాల వెనక దాచకు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. వరస ముఖ్యం, మార్చకు.

ముందు మిగతా ఇద్దరితో మాట్లాడు. 'కటాఫ్ పోయింది నా మ్యాపు వల్ల. వాడి కాళ్లు పాడైంది కూడా నేను దింపిన నీళ్లలో. ఇన్నాళ్లూ చెప్పలేదు' అను. ఈ మాట నీ దోస్తుకి చెప్పేముందే వాళ్లకి చెప్పాలి. వాడి ముందు తప్పు ఒప్పుకోవడం తేలిక, వాడు నీవాడు. కథ నమ్మినవాళ్ల ముందు కథ మార్చడమే కష్టం. అది అయ్యాకే వాడి గడప తొక్కు.

ఫోన్ చెయ్యకు, వాయిస్ మెసేజ్ అసలే వద్దు. ఆదివారం పొద్దున వెళ్లకు. అది మీ ప్రాక్టీసు టైము, ఆ గంటలో వాడికి నిన్ను చూస్తే లోపలికి వెళ్లి తలుపేసుకోబుద్ధి అవుతుంది. మామూలు రోజు రాత్రి భోజనాలయ్యాక వెళ్లు. ఆ మ్యాపు ఇంకా నీ దగ్గరే ఉంటుంది, ప్లాస్టిక్ కవర్‌లో, మడతల దగ్గర బురదతో. ఏ నావిగేటరూ పారేయడు. తీసుకెళ్లి టేబుల్ మీద పరిచి, ఏ గట్టుని ఏ గట్టనుకున్నావో వేలు పెట్టి చూపించు. 'ఇక్కడ ఎడమకి తిప్పాను. ఇక్కడే నాకు అనుమానం వచ్చింది, చెప్పలేదు. ఇవిగో నిన్ను నడిపించిన నీళ్లు.' అనుమానం వచ్చి చెప్పకపోయిన చోటు ఒకటి ఉండే ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. ఆ చోటు చూపించగలిగితే సారీ అన్న మాట వేరే అక్కర్లేదు.

ఆ తర్వాత నోరు మూసుకో. వాడు తిడితే తిట్టనీ. 'నేనూ కాలు సంగతి చెప్పలేదు లే' అని వాడంతట వాడంటే అననీ. నువ్వు మాత్రం ఆ రోజు వాడి పాదాల ఊసెత్తకు, 'నువ్వూ చెప్పాల్సింది రా' అని ఒక్క ముక్క కూడా. జనవరి ఊసూ వద్దు. వాడే అడిగితే, వస్తావా రావా అన్నది పూర్తిగా వాడికే వదిలెయ్. రానంటే బతిమాలకు. వస్తానంటే రెండో మ్యాపు వాడి చేతిలో పెట్టు. ఇది మొహమాటానికి చెప్పడం లేదు. కెప్టెనూ నావిగేటరూ ఒకడే అయితే వాడి తప్పు పట్టుకునేవాడు జట్టులో ఉండడు, మీ జట్టుకున్న అసలు జబ్బు అదీ. భువనగిరి బండ మీద తాడు పట్టడం నేర్చుకున్నప్పుడు మాకు మొదట నేర్పింది ఎక్కడం కాదు, ఎదుటివాడి ముడి మనమూ మన ముడి ఎదుటివాడూ ప్రతిసారీ ముట్టుకుని చూసుకోవడం. ఎంత ఆరితేరినవాడైనా సరే.

వాడు తలుపు తీయకపోతే? కొందరు తీయరు. అప్పుడు మిగతా ఇద్దరికీ చెప్పిన లెక్క చెప్పినట్టే ఉండనీ, వెనక్కి తీసుకోకు. మ్యాపు వాళ్లింట్లోవాళ్లకి ఇచ్చి వచ్చెయ్.

పాదాల గురించి అడగలేదు కానీ, జనవరికి ఎవరు వెళ్లినా పనికొస్తుంది. గంటల తరబడి నడిస్తే పాదాలు ఉబ్బుతాయి, షూ అర సైజు పెద్దది తీసుకోండి. కొత్త షూ రేసు రోజు వెయ్యొద్దు. గోళ్లు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి. నీళ్లు దాటిన ప్రతిసారీ ఆగి, పాదాలు ఆరబెట్టి పొడి సాక్సు మార్చండి. ఆగమని ముందు కెప్టెనే అనాలి, వాడి కాళ్లు బాగున్నా సరే.